లేపాక్షి గోడ నుండి వెండితెర దాకా

మన ఆలంకారికులు కావ్యాన్ని దృశ్యమని, శ్రవ్యమని రెండు విధాలుగా విభజించారు. చూడదగినది దృశ్యం, వినదగినది శ్రవ్యం. రూపకాలు మొదటి కోవకు, తక్కిన పద్యగద్య కావ్యాలు రెండవ కోవకు చెందుతాయి. ఈ విభాగం చేసిన నాటికి చలనచిత్రం లేదు, గ్రామఫోను లేదు, ఆకాశవాణి లేదు, దూరదర్శన్ లేదు. అయినా ఈ కొత్త ప్రక్రియలను అర్థం చేసుకోవడానికి ఆ పాత విభాగమే నేటికీ ఉపకరిస్తున్నది. ఒక సన్నివేశంలో దేనిని కంటికి చూపాలి, దేనిని చెవికి వదిలివేయాలి అన్న ప్రశ్న భరతుని కాలంలో నాటకకర్తకు ఎదురైంది. నేడు దర్శకునికీ ఎదురవుతున్నది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల నడుమనున్న సీమలో ఈ ప్రశ్నకు గోడ ఒక విధంగా, రంగస్థలం మరొక విధంగా, వెండితెర వేరొక విధంగా సమాధానం చెప్పాయి. విచిత్రమేమంటే ఆ మూడూ చెప్పిన కథలలో పోలిక ఉన్నది. రాజు తొందరపడి తీర్పు చెప్పాడు. తనవాడే ఆ తీర్పుకు బలి అయ్యాడు.

హిందూపురానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉన్నది. అక్కడి వీరభద్రాలయాన్ని విజయనగర ప్రభువైన అచ్యుతరాయల కాలంలో (1529 - 1542) విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు అభివృద్ధి చేశారు. మండపాల కప్పు మీది వర్ణచిత్రాలను తలెత్తి చూస్తూ నడిచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. కిరాతార్జునీయం, పార్వతీ పరిణయం, మనునీతి చోళుని కథ మొదలైనవి అక్కడ ఒక్క బొమ్మగా లేవు. పొడవైన పట్టీలుగా, ఒక ఘట్టం పక్కన మరొక ఘట్టంగా సాగుతాయి. చూసేవాడు కదిలితే కథ కదులుతుంది. చలనచిత్రంలో బొమ్మ కదులుతుంది, ప్రేక్షకుడు కదలడు. ఇక్కడ బొమ్మ నిలిచి ఉంటుంది, ప్రేక్షకుడే కదలాలి. తేడా అంతమాత్రమే.

ఆ ఆలయంలో అన్నింటికంటె ఎక్కువమంది గుర్తుంచుకొనే 'దృశ్యం' మాత్రం చిత్రకారుడు గీసినది కాదు. పడమటి గోడ మీద రెండు ఎర్రని మచ్చలున్నాయి. విరూపణ్ణ రాజుగారి కోశాగారానికి అధికారి అనీ, రాజు లేని సమయంలో ధనాన్ని ఆలయ నిర్మాణానికి వెచ్చించాడనీ, తిరిగివచ్చిన రాజు కోపించి అతని కన్నులు తీయించమని ఆజ్ఞాపించాడనీ ఐతిహ్యం. భటులు వచ్చేలోగా విరూపణ్ణ తానే తన కన్నులు పెరికి గోడకేసి కొట్టాడట. ఆ మచ్చలు అవేనని చెబుతారు. ఇది చరిత్ర అని ఎవరూ రుజువు చేయలేరు. కాని చూపరుల ముఖాలను గమనించండి. మచ్చలను మాత్రమే చూసినవారు ముందుకు సాగిపోతారు. కథ విన్నవారు ఆగిపోతారు. గోడ మీద ఉన్నది రెండు మరకలు. దృశ్యం ఉన్నది చెప్పేవాని గొంతులో. ఆ కథ వినకుండా ఆ గోడను చూడడం సగం చూడడమే.

రెండవ కథ పెనుకొండది. శ్రీకృష్ణదేవరాయలు (1509 - 1529) 'అప్పాజీ' అని పిలుచుకున్న మహామంత్రి తిమ్మరుసు పండితుడు కూడ. అగస్త్యుని బాలభారతానికి సంస్కృతంలో వ్యాఖ్య రచించినవాడు. రాయలు తన చిన్న కుమారుడైన తిరుమలరాయని పట్టాభిషిక్తుని చేసిన కొద్ది కాలానికే ఆ బాలుడు మరణించాడు. విషప్రయోగం జరిగిందన్న అనుమానం తిమ్మరుసు కుటుంబం మీద పడింది. విజయనగరాన్ని దర్శించి, ఆ వృత్తాంతాన్ని రాసిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఆ మంత్రిని చెరలో ఉంచారనీ, తరువాత కన్నులు తీయించారనీ, ఆయన చెరలోనే మరణించాడనీ పేర్కొన్నాడు. నూనిజ్ రాయల మరణానంతరం కొన్నేళ్లకు రాసినవాడు. విన్నదే రాశాడు తప్ప కన్నది కాదు. పెనుకొండ కోటలో తిమ్మరుసును బంధించిన చోటు ఇదేనని స్థానికులు నేటికీ చూపుతారు. 1565 నాటి యుద్ధానంతరం విజయనగర ప్రభువులకు పెనుకొండ రాజధాని అయింది కనుక ఆ కొండకు రాజవైభవపు గాథలెన్నో ఉన్నాయి. అయినా ఊరి జనం నోట మొదట వచ్చే పేరు రాజులది కాదు, ఈ వృద్ధమంత్రిదే.

ఇటువంటి ఘట్టాన్ని రంగస్థలం మీద ఎలా చూపాలి? సంస్కృత నాటక సంప్రదాయం ఇందుకు సూటిగా సమాధానం చెప్పింది: చూపరాదు. వధ, యుద్ధం, అంగచ్ఛేదం వంటివి ప్రేక్షకుని కంటికి ఎదురుగా జరగకూడదు. వాటిని విష్కంభంలోనో ప్రవేశకంలోనో పాత్రల సంభాషణ ద్వారా సూచించాలి. లేదా తెర వెనుక నుండి, అనగా నేపథ్యం నుండి, ఒక స్వరం వినిపించాలి. భాసుడు ఊరుభంగంలో దుర్యోధనుని మరణాన్ని రంగం మీదనే చూపి ఈ నియమాన్ని దాటాడు గాని అటువంటివారు అరుదు. విద్యార్థులు ఇక్కడ ఒక పదాన్ని గమనించాలి. 'నేపథ్యం' అంటే నటులు వేషాలు వేసుకొనే చోటు. కంటికి కనబడని చోటు నుండి వచ్చే మాటకు ఆ పేరు అంటుకున్నది. సినిమాలో నటి పెదవులు కదుపుతుండగా వేరొకరి గొంతు వినిపించినప్పుడు దానిని మనం 'నేపథ్యగానం' అన్నాము. రెండువేల ఏళ్ల నాటి మాట కొత్త యంత్రానికి అతికినట్లు సరిపోయింది.

సంప్రదాయం విధించిన మరొక నియమం, నాటకం మంగళాంతం కావాలన్నది. తెలుగు రంగస్థలం మీద దానిని దాటినవాడు ధర్మవరంలో పుట్టినవాడు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో జన్మించాడు. నాటికి అనంతపురం జిల్లా లేదు. అది బళ్లారి జిల్లా నుండి 1882లో వేరుపడింది. కాబట్టి ఈ ప్రాంతపు విద్యావంతులకు బళ్లారే పెద్ద పట్టణం. ఆచార్యులు అక్కడ న్యాయవాదిగా స్థిరపడి, సరసవినోదినీ సభను నెలకొల్పి, తానే నాటకాలు రచించి, తానే వేషాలు ధరించి ప్రదర్శించాడు. చిత్రనళీయం ఆయనకు మొదట పేరు తెచ్చిన నాటకం. పద్యానికి రాగాన్ని, నాటకానికి పాటలను జతచేసి తెలుగు ప్రేక్షకుని చెవిని ఆకట్టుకున్నాడు. ఆంధ్రనాటక పితామహుడనే బిరుదు ఆయనకు దక్కింది. 1912లో కన్నుమూశాడు.

ఆయన విషాద సారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకంగా ప్రసిద్ధి పొందింది. సారంగధరుడు రాజరాజనరేంద్రుని కుమారుడని కథ. సవతితల్లి చిత్రాంగి చేసిన నిందను నమ్మి తండ్రి అతని కాలుసేతులు ఖండింపజేస్తాడు. కథలోని పాత సంప్రదాయం ప్రకారం ఒక సిద్ధుడు వచ్చి అవయవాలను తిరిగి ప్రసాదిస్తాడు. ఆచార్యులు ఆ ఊరట లేకుండా నాటకాన్ని విషాదంతో ముగించాడు. ఆనాటి పండితులకు ఇది సాహసం. నా దృష్టిలో ఆయన కూర్చిన వరుసలకంటె, వేయించిన తెరలకంటె ఈ ఒక్క నిర్ణయమే పెద్దది. అన్యాయం జరిగిన తరువాత దానిని మహిమతో తుడిచివేస్తే ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి పోతాడు. తుడవకపోతే ఆ బరువును వెంట తీసుకుపోతాడు. లేపాక్షి గోడ మీది మచ్చలను ఎవరూ కడగనట్లే ఆయనా కడగలేదు. ఈ కథనే 1957లో ఎన్.టి. రామారావు, భానుమతి నటించగా చలనచిత్రంగా తీశారు.

ధర్మవరం పేరు తెలుగు చలనచిత్రపు తొలిపుటలోనే ఉన్నది. ఈ సంగతి ఆ ఊరివారిలోనే చాలామందికి తెలియదు. తొలి తెలుగు టాకీ అయిన భక్త ప్రహ్లాద, ఆచార్యులు రచించి సురభివారు ప్రదర్శిస్తూ వచ్చిన నాటకం ఆధారంగా రూపొందింది. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు. చిత్రాన్ని బొంబాయిలో తీశారు. హిరణ్యకశిపునిగా మునిపల్లె సుబ్బయ్య, లీలావతిగా సురభి కమలాబాయి, ప్రహ్లాదునిగా సింధూరి కృష్ణారావు అనే బాలుడు నటించారు. చాలాకాలం ఇది 1931లో వచ్చిందని పుస్తకాలు రాశాయి. ఇటీవలి పరిశోధన 1932 ఫిబ్రవరి 6ను విడుదల తేదీగా నిర్ధారించింది. ఇందులోనూ కథ అదే కదా: తండ్రి రాజు, శిక్ష కొడుకుకు. తెలుగువారు వెండితెర నుండి మొదట విన్న మాటలకు మూలం, వెండితెరను చూడకుండానే ఇరవై ఏళ్ల ముందు మరణించిన ఒక ధర్మవరం కవి. ఆ చిత్రం ప్రతి ఒక్కటైనా నేడు లభించదు.

ఎందుకు లభించదో తెలుసుకోవాలి. ఆనాటి ఫిలింను నైట్రేట్‌తో తయారుచేసేవారు. అది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఏమీ తగలకపోయినా కాలక్రమంలో జిగురై, పొడియై నశిస్తుంది. దాని మీది పూతలో వెండి ఉండేది. ఆట ఆగిపోయిన చిత్రాలను కరిగించి వెండిని తీసుకున్న సందర్భాలు అనేకం. 'వెండితెర' అనే మాటలోని వెండి తెర మీద పూసినది. ఈ వెండి బొమ్మలోనే ఉన్నది. పుణెలో జాతీయ చలనచిత్ర భాండాగారం ఏర్పడింది 1964లో. అప్పటికే తొలినాటి మూగచిత్రాలూ, టాకీలూ చాలావరకు పోయాయి.

ఆచార్యుల మేనల్లుడు బళ్లారి రాఘవ విషయంలో నష్టం మరొక రకంగా జరిగింది. ఆయన 1880లో తాడిపత్రిలో పుట్టాడు. మేనమామ వలెనే బళ్లారిలో న్యాయవాది, నటుడు. మేనమామ నాటకంలోకి రాగాన్ని తెచ్చాడు. మేనల్లుడు దానిని తగ్గించాడు. పద్యాన్ని దీర్ఘంగా రాగాలాపన చేస్తూ పాత్రను మరచిపోయే పద్ధతి ఆయనకు నచ్చలేదు. పాత్ర ఎవరో, ఏ స్థితిలో ఉన్నాడో ఆ మాటే వినిపించాలన్నాడు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టాడు. విజయనగర పతనం ఇతివృత్తంగా కోలాచలం శ్రీనివాసరావు రచించిన నాటకంలో పఠాను రుస్తుం పాత్ర ఆయనకు గొప్ప పేరు తెచ్చింది. తళ్లికోట యుద్ధం, దాని వెనుకనే పెనుకొండకు రాజధాని తరలిపోవడం ఈ ప్రాంతపు ప్రేక్షకులకు చదివి తెలిసినది కాదు. తమ ఊరి కథ. ఆ నాటకాన్ని వారు ఎలా చూసి ఉంటారో ఊహించవలసిందే.

ఊహించవలసిందే అన్న మాట కావాలని వాడాను. రాఘవ రంగస్థల నటనకు చలనచిత్రం లేదు. ద్రౌపదీ మానసంరక్షణం (1936)లో దుర్యోధనుని పాత్ర ధరించాడు. అదే ఏడు వచ్చిన ద్రౌపదీ వస్త్రాపహరణం ముందు ఆ చిత్రం నిలవలేదు. గూడవల్లి రామబ్రహ్మం తీసిన రైతుబిడ్డ (1939)లో నటించాడు. జమీందారీ వ్యవస్థలో రైతు పడే కష్టాలను చూపిన ఆ చిత్రాన్ని జమీందార్లు వ్యతిరేకించగా కొన్ని జిల్లాల్లో నిషేధించారు. నిర్మాణానికి తోడ్పడిన చల్లపల్లి రాజాగారు కూడ జమీందారే కావడం చరిత్రలోని చమత్కారాలలో ఒకటి. చండిక (1940) తరువాత రాఘవ తెరమీద కనబడలేదు. 1946లో మరణించాడు. యాభై ఏళ్ల రంగస్థల జీవితానికి మూడు చిత్రాలు. రాఘవను 'చూసిన' తరం గతించింది. మనకు మిగిలినది ఆయనను చూసినవారు రాసినది మాత్రమే. దృశ్యం మళ్లీ శ్రవ్యమైంది.

ఇప్పుడు పెనుకొండ మంత్రి కథకు తిరిగి వద్దాం. 1962లో మహామంత్రి తిమ్మరుసు చిత్రం విడుదలైంది. కమలాకర కామేశ్వరరావు దర్శకుడు, పింగళి నాగేంద్రరావు రచయిత, పెండ్యాల నాగేశ్వరరావు సంగీత దర్శకుడు. ఎన్.టి. రామారావు రాయలుగా, గుమ్మడి వెంకటేశ్వరరావు తిమ్మరుసుగా నటించారు. ఆ ఏటి ఉత్తమ తెలుగు చిత్రంగా రాష్ట్రపతి రజత పతకం అందుకున్నది. గుమ్మడి పుట్టినది 1927, రామారావు పుట్టినది 1923. తండ్రివంటి వృద్ధమంత్రి, కుమారునివంటి రాజుకంటె నాలుగేళ్లు చిన్నవాడు! చూస్తున్నంతసేపూ ఈ లెక్క ఎవరికీ తట్టదు. నడకలోని బరువు, మాటకు మాటకు నడుమ ఇచ్చిన విరామం ఆ నటుని వయసును మరపిస్తాయి. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని భరతుడు చెప్పిన నాలుగు అభినయాలలో గడ్డం, తలపాగా ఆహార్యంలోకి వస్తాయి. అవి ఎవరైనా పెట్టుకోగలరు. విరామం మాత్రం నటుడే తేవాలి.

తిమ్మరుసు కన్నులు కోల్పోయే ఘట్టం తెలుగు ప్రేక్షకులు దశాబ్దాలుగా తలుచుకొనే సన్నివేశాలలో ఒకటి. నూనిజ్ వ్రాతతో పోల్చి చూస్తే సినిమా చేసిన మార్పు స్పష్టమవుతుంది. ఆ పోర్చుగీసు వ్రాతలో రాజు పశ్చాత్తాపం లేదు. మంత్రి చెరలో మరణించడంతో కథ ముగుస్తుంది. సినిమాలో కుట్ర వేరొకరిదని తేలుతుంది. నిజం తెలిసిన రాజు మంత్రి వద్దకు పరుగెత్తి క్షమాపణ వేడుకుంటాడు. రచయిత అలా మలచడానికి కారణముంది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద కర్త, సాహితీ సమరాంగణ సార్వభౌముడు. తెలుగువాడు ఆయనను క్రూరునిగా చూడలేడు. రాజును రక్షించడానికి పశ్చాత్తాపం కావలసివచ్చింది. కాని కన్నులను మాత్రం రచయిత తిరిగి ఇవ్వలేదు. పింగళివారు తలచుకుంటే ఏ మహిమనైనా కల్పించగలరు. ఇక్కడ కల్పించలేదు. ధర్మవరం ఆచార్యులు సారంగధరుని విషయంలో వేసిన బాటలోనే ఈ చిత్రమూ నడిచింది.

ఇందులో ఒక చిక్కు కూడ ఉన్నది. పెనుకొండ కోటను చూడడానికి వచ్చే విద్యార్థులలో చాలామందికి తిమ్మరుసు ముఖమంటే గుమ్మడి ముఖమే. కుట్ర చేసినవారి పేర్లు సినిమా నుండే చెబుతారు. కథ బలంగా చెప్పినప్పుడు చరిత్ర దాని వెనుకకు జరుగుతుంది. చిత్రాన్ని నిందించవలసిన పని లేదు. నన్నయ భారతం రాసినప్పుడు వ్యాసుని కథలో తగిన మార్పులు చేయలేదా? అయితే నన్నయను చదివేవాడు వ్యాసుడు వేరని ఎరిగి చదువుతాడు. సినిమా చూసినవాడు నూనిజ్ అనేవాడు ఒకడున్నాడని ఎరుగడు. కోట గోడ ముందు నిలబడినప్పుడు ఏది శాసనం చెప్పినది, ఏది యాత్రికుడు విని రాసినది, ఏది ఊరు చెప్పుకున్నది, ఏది పింగళి కల్పించినది అని నాలుగుగా విడదీయడం ఇంటర్మీడియట్ విద్యార్థికి సాధ్యమైన పనే. ఆ చిత్రంలో రాయలుగా తీర్పు చెప్పిన నటుడే తరువాతి కాలంలో ముఖ్యమంత్రి అయి, 1985, 1989, 1994 సంవత్సరాలలో హిందూపురం నుండి శాసనసభకు ఎన్నికయ్యాడు. హిందూపురం నుండి పెనుకొండ నలభై కిలోమీటర్లు ఉండదు.

ఈ సీమ వాడైన మరొక చిత్రకారుని పేరు చెప్పక తప్పదు. కె.వి. రెడ్డి 1912లో తాడిపత్రిలో జన్మించాడు. కదిరి సమీపంలోని కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన జీవితాన్ని, నాగయ్య నాయకుడుగా 1947లో యోగి వేమనగా తీశాడు. పదేళ్లకు, 1957 మార్చి 27న ఆయన మాయాబజార్ వచ్చింది. అందులో శశిరేఖకు ప్రియదర్శిని అనే పేటిక కానుకగా లభిస్తుంది. మూత తెరిచినవారికి తమకు అత్యంత ప్రియమైనది అందులో కనబడుతుంది. ఆమె తెరుస్తుంది, దూరాన ఉన్న అభిమన్యుడు కనబడతాడు. మన దేశంలో దూరదర్శన్ ప్రసారాలు ఢిల్లీలో మొదలైనది 1959 సెప్టెంబరులో; హైదరాబాదు కేంద్రం ఏర్పడినది 1977లో. ఆ యంత్రాన్ని చూడని ప్రేక్షకులు ఆ పేటికను చూసి ఆశ్చర్యపోలేదు, ఆనందించారు. దివ్యదృష్టి అనే భావన వారికి పురాణం నుండి ఎరుకే. నేటి విద్యార్థి ఆ సన్నివేశాన్ని అరచేతిలోని ఫోనులో చూస్తున్నాడు. అంటే ప్రియదర్శినిలో ప్రియదర్శినిని చూస్తున్నాడన్నమాట.

దివ్యదృష్టి అనగానే సంజయుడు గుర్తుకు రావాలి. భారతంలో ధృతరాష్ట్రుడు పుట్టుగుడ్డి. వ్యాసుడు చూపు ప్రసాదిస్తానన్నా, తన బిడ్డల చావు చూడలేనని నిరాకరించాడు. యుద్ధాన్ని సంజయుడు చెబుతుంటే విన్నాడు. తిక్కన యుద్ధపర్వాలను తెలుగు చేసిన తీరులో ఈ వినడం ఎంత తీవ్రమైనదో పై తరగతుల్లో చదువుతారు. చూపు లేనివాడు మాట ద్వారా రణరంగాన్ని చూశాడు. రేడియో చేసినది సరిగ్గా ఈ పనే. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రాయలసీమలో కడప కేంద్రం 1963లో ఏర్పడింది. విజయవాడ నుండి ఉషశ్రీ చేసిన రామాయణ భారత ప్రవచనాలు, భద్రాద్రి కల్యాణ వ్యాఖ్యానం విన్నవారు ఆ కల్యాణాన్ని తాము చూశామనే చెప్పుకొంటారు. భద్రాచలం ఎన్నడూ వెళ్లనివారు కూడ! శ్రోతను ధృతరాష్ట్రునితో పోల్చడం అమర్యాద అనిపించవచ్చు గాని వ్యాఖ్యాతకు సంజయుడే మూలపురుషుడు.

దీనికి ఎదురుగా మరొక అనుభవం ఉన్నది. 1987 జనవరి నుండి దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం ఆదివారం ఉదయాలలో ప్రసారమైంది. పల్లెల్లో టీవీ ఉన్న ఇంటి ముందు జనం చాపలు పరచుకొని కూర్చొనేవారు. భాష హిందీ. ఆ ముందు కూర్చున్న పెద్దలలో ఎందరికో ఆ భాష రాదు. కథ ముందే తెలుసు కనుక మాట అవసరం లేకపోయింది. రేడియోలో మాటే అంతా. అక్కడ మాట అక్కరకు రాలేదు.

మాటకు ఉన్న బలాన్ని నమ్మిన కవి పెనుకొండలోనే పెరిగాడు. పుట్టపర్తి నారాయణాచార్యులు 1914లో అనంతపురం సమీపంలోని చియ్యేడులో పుట్టి, బాల్యం పెనుకొండలో గడిపాడు. కోట శిథిలాల మధ్య తిరుగుతూ చిన్నతనంలోనే 'పెనుగొండ లక్ష్మి' అనే కావ్యాన్ని రచించాడు. తరువాత విద్వాన్ పరీక్షకు కూర్చున్నప్పుడు అదే ఆయనకు పాఠ్యగ్రంథమైంది. తాను రాసిన పుస్తకం మీద తానే పరీక్ష రాయవలసిరావడం మరే కవికైనా జరిగిందేమో చెప్పలేను. ఆయన 'శివతాండవం' ప్రొద్దుటూరులో పుట్టింది. అచ్చులో చదివితే అది ఛందస్సు తెలిసిన పండితుని రచన. ఆయన గొంతులో వింటే పదం అడుగు వేస్తుంది, గజ్జె మోగుతుంది. నృత్యం చూపకుండా నృత్యాన్ని చూపడమంటే అదే. ఆయన స్వయంగా గానం చేసిన ధ్వనిముద్రణ లభిస్తున్నది కనుక ఈ మాట ధైర్యంగా అనగలుగుతున్నాం. ఆయన 1990లో మరణించాడు. ఆ ముద్రణ లేకపోతే, రాఘవ విషయంలో వలెనే, విన్నవారు రాసినది చదువుకొని ఊహించుకోవలసివచ్చేది.

ఈ పట్టణాలలోని పాత ఇళ్ల అటకల మీద గ్రామఫోను పలకలు నేటికీ దొరుకుతుంటాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పలక ఒక్కొక్క పక్క సుమారు మూడు నిమిషాలు మాత్రమే పలుకుతుంది. రాత్రంతా ఆడే నాటకంలోని పద్యం ఆ మూడు నిమిషాలలో ఇమడాలి. రాగాలాపన తగ్గించమని రాఘవ వాదించినదానిని యంత్రం వాదన లేకుండా సాధించింది. ఆ పలకలు లక్కతో చేసినవి. వాటిని స్పిరిటుతో తుడిస్తే లక్క కరిగి గాడులు పాడవుతాయి. ఒకదానిమీద ఒకటి పేర్చితే బరువుకు వంగి పగులుతాయి. పుస్తకాల వలె నిలబెట్టి ఉంచాలి. ప్రతిసారీ ఉక్కు ముల్లు గాడిని కొంత అరగదీస్తుంది కనుక, మొదటిసారి వినేటప్పుడే దానిని ధ్వనిముద్రణ చేసుకోవడం మంచిది.

పలకలలోకి ఎక్కని ధ్వనులు కూడ ఉన్నాయి. ధర్మవరం వీధుల్లో నడిచేటప్పుడు ఒకప్పుడు ఇంటింటి నుండి గుంటమగ్గం చప్పుడు వినవచ్చేది. కాలితో తొక్కిన తొక్కుడు చెక్క, అటూ ఇటూ పరుగెత్తిన నాడె, దారాన్ని బిగించే పలక దెబ్బ — ఈ మూడూ కలిసి ఒక లయ. మరమగ్గం వచ్చిన వీధిలో ఆ లయ లేదు. అక్కడ ఎడతెగని ఒకే మోత. చేనేత పని నేడు కూడ జరుగుతున్న ఇళ్లు ధర్మవరంలో ఉన్నాయి. చెవికి అలవాటైనవారు రెండు చప్పుళ్లు విని ఏ ఇంట ఏ మగ్గమో గడప బయటి నుండే చెబుతారు. లేపాక్షి చిత్రాలలోని చీరల అంచులను చూసి నేసిన చీర ఎలా ఉంటుందో చూపే ఫోటోలు వేలు ఉన్నాయి. దానిని నేసేటప్పుడు మగ్గం ఎలా పలికిందో వినాలనుకున్నవారు ఆ గడప ముందు నిలబడవలసిందే.